పదమూడో భాగహారం

శనివారం పొద్దున తొమ్మిదింటికి ఎనికో ఇంట్లో వంటింటి బల్లకి ఒక కొసన రిబ్బన్లు, ఇంకో కొసన లెక్కలు. రిబ్బన్ల వైపు అమ్మమ్మ రొజాలియా, లెక్కల వైపు తమ్ముడు బాలింట్. మధ్యలో ఎనికో కూర్చుని, గొంతు దిగని రొట్టెముక్కని అరగంటగా చేతిలో తిప్పుతోంది.

“997తో పోలేదు,” అన్నాడు బాలింట్, పెన్సిలు మొన నాలికకి రాసుకుంటూ. “ఫర్వాలేదు, తర్వాతది 991. అక్కా, నువ్వీలోగా ఉల్లిపాయలు తరగడం నేర్చుకో. మా తరగతి మొత్తానికి చేప పులుసంటే మాటలు కాదు.”

“ముందు నీ ముక్కు తుడుచుకోరా,” అంది ఎనికో. రోజూ అయితే ఇంకో నాలుగు అంటించేది. ఇవాళ ఆ ఒక్కటీ అనడానికే ఓపిక చాల్లేదు.

తీస్సా నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో, అన్ని ఊళ్లలోలాగే, ఆఖరి ఏడాది పిల్లలకి చలికాలంలో రిబ్బను పండగ చేస్తారు. ముదురు నీలం రిబ్బను మీద బడిలో చేరిన ఏడు, వెళ్లే ఏడు కుట్టి, గుండెల మీద గుచ్చుతారు. ఆ తర్వాత తెల్ల గౌన్లూ నల్ల కోట్లూ వేసుకుని అందరూ జంటలుగా వాల్ట్జ్ నాట్యం ఆడతారు. ఈ బడిలో లెక్కల తరగతికి మాత్రం దీనికి తోడు ఇంకో పిచ్చి ఉంది. ఏళ్ల కింద ఒక పెద్ద ప్రధాన సంఖ్యని కుట్టించుకుంటారు. ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా పోని సంఖ్య అన్నమాట. సోమవారం ఆ సంఖ్యని కింది తరగతికి చెప్తారు. శనివారం సాయంత్రం ఆరింటికి రిబ్బన్లు గుచ్చేలోపు కింది తరగతివాళ్లు దాన్ని భాగించే సంఖ్యని చూపించారా, పైతరగతివాళ్లు వాళ్లందరికీ చేప పులుసు వండి వడ్డించాలి. పైతరగతే ముందుగా తప్పు ఒప్పుకుని సంఖ్యని వెనక్కి తీసుకుంటే పులుసు బెడద తప్పుతుంది గానీ, రిబ్బను కింద సగం బోసిగా ఉంటుంది. పద్దెనిమిదేళ్లలో ఏ తరగతీ పులుసు వండలేదు, ఏ తరగతీ బోసి రిబ్బనుతో ఆడలేదు.

ఎనికో తరగతి 1961లో బయటికెళ్తుంది కాబట్టి సంఖ్య చివర 61 ఉండాలన్నారు. తరగతిలో ఇరవై ఎనిమిది మంది కాబట్టి అంకెలన్నీ కూడితే 28 రావాలన్నారు. పంతం పట్టి అలాంటి సంఖ్యలు ఏరి ఓడోన్ మాస్టారికిస్తే, ఆయన చేత్తో తిప్పే లెక్కల యంత్రం ముందు కూర్చుని తన పరీక్ష పెట్టారు. పదకొండు సంఖ్యలు తప్పాయి. పన్నెండోది పాసైంది. ఒకసారి కాదు, మూడు రకాలుగా పరీక్ష పెడితే మూడుసార్లూ పాసైంది. 5,60,52,361. తరగతి తరగతంతా బల్లలెక్కి గంతులేసింది.

పరీక్ష పాసైనా చేత్తో కూడా చూడాలన్నది ఆచారం. ఆ సంఖ్య దేనితోనైనా పోయేదే అయితే, దాన్ని భాగించే ప్రధాన సంఖ్య ఒకటి 7,486 దాటకుండా దొరికి తీరాలి. అక్కడిదాకా ప్రధాన సంఖ్యలు దాదాపు తొమ్మిది వందల యాభై. వాటన్నిటినీ వరసగా కాగితాల మీద రాసి, కత్తెరతో ఇరవై ఎనిమిది చీటీలుగా కోసి పంచుకున్నారు. మనిషికి ముప్పై నాలుగు. అన్నీ చేసి, “పోలేదు” అని రాసి, సంతకం పెట్టి, తరగతి పుస్తకంలో అంటించాలి.

ఎనికోకి రెండో చీటీ వచ్చింది. 149 నుంచి 337 దాకా. పన్నెండు భాగహారాలు చేసింది. పదమూడోది మొదలుపెట్టబోతుంటే కిటికీ కింద నుంచి వాల్ట్జ్ సాధనకి రమ్మని కేకేశారు. వచ్చాక చేద్దాంలే అనుకుంది. మర్నాడు పొద్దున చీటీలు అడిగితే సంతకం పెట్టి ఇచ్చేసింది. మాస్టారి పరీక్ష ఎలాగూ పాసైంది కదా, మిగతావాళ్లు ఎలాగూ చేశారు కదా అని సర్దిచెప్పుకుంది. ఆ చీటీ గుర్తొచ్చినప్పుడల్లా మూడు వారాలుగా వేరే పని వెతుక్కుంటోంది. ఇప్పుడు ఆ సంఖ్య అంకెలే అమ్మమ్మ సూది కింద బంగారు దారంతో ఒక్కొక్కటే మెరుస్తుంటే, వెతుక్కోవడానికి ఇంట్లో పనులు కూడా అయిపోయాయి.

కింది తరగతిలో నలుగురు ఈ సంఖ్యని పట్టుకుని సోమవారం నుంచి నిద్రాహారాలు మానేశారు. వాళ్లు పైనుంచి కిందికి దిగుతున్నారు. ముందు 7,481తో మొదలుపెట్టి, ఒక్కోటి రెండేసి సార్లు చేసి చూసుకుంటూ, శనివారానికి వెయ్యి లోపుకొచ్చారు. మిగతా ముగ్గురూ చేతులెత్తేశారు. బాలింట్ మాత్రం ఉడుంపట్టు వదల్లేదు. మధ్యలో అమ్మమ్మ కట్టెలకి పంపినా, బడికి కుర్చీలు మొయ్యడానికి పంపినా, పరుగున వెళ్లి పరుగున వచ్చి మళ్లీ కూర్చున్నాడు. మూడింటికి 709 దగ్గరున్నాడు.

“అసలు పైనుంచి ఎందుకురా మొదలెట్టారు?” అడిగింది ఎనికో, ఉంగరాలు తిరగాలని జుట్టుకి చుట్టుకున్న గుడ్డపీలికలు విప్పుకుంటూ.

“చిన్న సంఖ్యలు మీరు చూసే ఉంటారుగా. పొరపాటు చేస్తే పెద్దవాటితోనే చేస్తారు. చిన్నవి వదిలేసేంత వెధవలేం కాదు మీరు.” బాలింట్ తలెత్తకుండానే అన్నాడు. వాడు అక్కని మెచ్చుకోవడం ఆ ఏడాదికి అదే మొదలు.

ఎనికో పీలికలు అలాగే వేలాడేసుకుని వెనక గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. అమ్మమ్మ గౌనుల కొలతలు రాసుకునే కాగితం ఒకటి తిరగేసి, పదమూడోది రాసుకుంది. 211. ఒక్కటి చేస్తే మనసు కుదుటపడుతుంది, మిగతావి దారిలో చేసుకోవచ్చు అనుకుంది.

560లో 211 రెండుసార్లు. మిగిలింది 138. పైనుంచి ఐదు దించింది. 1,385లో ఆరుసార్లు, మిగిలింది 119. రెండు దించింది. ఐదుసార్లు, 137. మూడు దించింది. ఆరుసార్లు, 107. ఆరు దించింది. 1,076లో ఐదుసార్లు. 1,055 తీసేస్తే 21 మిగిలింది.

పైన ఇక ఒకే ఒక్క అంకె ఉంది. ఒకటి. 21 పక్కన ఒకటి దిగితే ఏమవుతుందో దించకముందే కనపడింది. అయినా దించింది. 211. దాంట్లో 211 ఒకసారి. మిగిలింది సున్నా.

రెండోసారి చేసింది. మూడోసారి చేసింది. మూడుసార్లూ అదే సున్నా. భాగఫలం 2,65,651. గుడ్డముక్కల బుట్ట మీద కూలబడింది. చిత్రమేమిటంటే, భయంతో పాటు ఒళ్లంతా ఒక జలదరింపు కూడా వచ్చింది. ఇరవై ఎనిమిది మంది, ఒక యంత్రం, కింది తరగతి మొనగాళ్లు నలుగురు చూసి కూడా పట్టుకోలేనిది తన చేతికి చిక్కింది. ఆ సంబరం చెప్పుకోవాలంటే ముందు తన అబద్ధం చెప్పుకోవాలి.

నోరు మూసుకుంటే ఏమవుతుంది? బాలింట్ కిందికి దిగుతున్నాడు గానీ 211కి ఆరింటిలోపు రాలేడు. రిబ్బన్లు గుచ్చేస్తారు. ఆ తర్వాత ఎవడూ చూడడు. ఇరవై ఎనిమిది మంది గుండెల మీద ఒక తప్పు జీవితాంతం పెట్టెల్లో భద్రంగా ఉంటుంది. చెప్తే మాత్రం తరగతి మొత్తానికి ఈ సాయంత్రమే బోసి రిబ్బను.

బయటికొచ్చేసరికి అమ్మమ్మ ఆఖరి రిబ్బను దారం పళ్లతో తెంపుతోంది.

“ఏమే, ముఖంలో నెత్తుటి చుక్క లేదు. నాట్యానికి భయమా?”

“అమ్మమ్మా, అంతా కుట్టేశాక తప్పు కుట్టావని తెలిస్తే ఏం చేస్తావు?”

“విప్పేస్తాను. యాభై ఏళ్ల నుంచి విప్పుతూనే ఉన్నాను. విప్పితే నామోషీ ఏంటి, ఇస్త్రీ చేసి కప్పెట్టి ఇస్తే నామోషీ గానీ.” అంటూనే అమ్మమ్మ కళ్లజోడు పైకి తోసి మనవరాలిని పరకాయించి చూసింది. “ఇవి విప్పమని మాత్రం అడక్కు. ఇరవై ఎనిమిది రిబ్బన్లకి ఎనిమిదేసి అంకెలు, రెండు వందల ఇరవై నాలుగు. నా వేళ్లు నావి కావు ఇప్పుడు.”

“701తో పోలేదు,” అన్నాడు బాలింట్.

ఎనికో కోటు తగిలించుకుని పరిగెత్తింది. సగం జుట్టు ఉంగరాలు తిరిగి, సగం పీలికల్లో ఉంది. దార్లో ఇద్దరు ముసలమ్మలు ఆగి చూసి నవ్వుకున్నారు.

తరగతి గదిలో అందరూ అప్పటికే తయారై ఉన్నారు. తిహమేర్ మధ్యలో నించుని ఎవరి పక్కన ఎవరు నడవాలో చెప్తున్నాడు. తరగతి నాయకుడు వాడు. ఎవరి బూట్లకి మెరుగు లేదో చూసి మరీ చీవాట్లు పెట్టే రకం. ఓడోన్ మాస్టారు కిటికీ పక్కన కూర్చుని, ఏడాదికోసారి కట్టే టైతో కుస్తీ పడుతున్నారు.

ఎనికో ఎవరితోనూ మాట్లాడలేదు. నల్లబల్ల దగ్గరికెళ్లి 211 × 2,65,651 అని రాసి, కింద గుణకారం మొత్తం చేసింది. చివర 5,60,52,361 అని రాసింది.

“రెండో చీటీ నాది,” అంది, బల్ల వైపే తిరిగి. “పన్నెండే చేశాను. పదమూడోది ఇది. అన్నీ చేశానని సంతకం పెట్టాను.”

ముందు తేరుకున్నది తిహమేరే. “ఇప్పుడా చెప్పడం? ఇంకో రెండు గంటల్లో పండగ పెట్టుకుని? నీ ఒక్కదాని బద్ధకానికి ఇరవై ఎనిమిది మంది తల దించుకోవాలా?”

“అవును,” అంది ఎనికో. ఏడవకూడదని గట్టిగా అనుకుంది. అయినా కళ్లు మాట వినలేదు.

మాస్టారు టై వదిలేసి వచ్చారు. ఆయన ఎనికోని చూడటం లేదు. బల్లనే చూస్తున్నారు. “ఇదెలా కుదురుతుంది?” అన్నారు నెమ్మదిగా. “నా పరీక్ష మూడుసార్లు పాసైంది. మన సంఖ్య కంటే ఒకటి తక్కువ సార్లు 2 వేసి, అన్నీ గుణించి, వచ్చినదాన్ని మన సంఖ్యతో భాగిస్తే చివర ఒకటి మిగలాలి. ఒకటే మిగిలింది. 3తో అంతే, 5తో అంతే. ప్రధాన సంఖ్య కానిది ఆ పరీక్ష పాసవడం...” ఆగిపోయారు. ఆయన చెయ్యి సుద్దముక్క కోసం తడుముకుంది. “అమ్మాయ్, 211లో ఒకటి తీసెయ్. మన సంఖ్యలో కూడా ఒకటి తీసెయ్. భాగించు.”

5,60,52,360ని 210తో భాగించింది ఎనికో. “పోయింది మాస్టారూ. 2,66,916.”

“పోయిందా,” అన్నారాయన. ఎప్పుడో పుస్తకంలో చదివింది గుర్తొచ్చినట్టుంది. “అయితే 210కి రెట్టింపు, మూడింతలు. ఒక్కోదానికి ఒకటి కలుపు. 421. 631. ఆ రెండూ గుణించు, తొందరగా.”

గదిలో ముప్పావు మంది అప్పటికే మోచేతుల మీదా, పాటల కార్యక్రమం కాగితాల మీదా గుణిస్తున్నారు. నాలుగు గొంతులు ఒకేసారి అరిచాయి. “2,65,651.”

భాగఫలం అదే. అంటే 211, 421, 631. మూడు ముక్కలు. గదిలో గోల మొదలైంది. అందులోంచి వెనక బల్ల మీది ఎవరో తాపీగా అడిగారు. “ఒక్క నిమిషం. 421 ఎవరి చీటీలో ఉంది?”

పుస్తకం తెరిచారు. 421 మూడో చీటీలో ఉంది. కింద షరోల్త సంతకం, చివర తీగలు తిప్పి మరీ. తరగతిలో అందరికంటే బాగా వాల్ట్జ్ ఆడే పిల్ల. ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుంది. 631 నాలుగో చీటీలో ఉంది. ఆ సంతకం చదవడానికి ఎవరికీ పుస్తకం అక్కర్లేకపోయింది. తిహమేర్ చెవులు మిరపకాయల్లా ఎర్రబడ్డాయి.

“మాస్టారి పరీక్ష పాసైంది కదా అని...” అన్నాడు, తన బూట్లు చూసుకుంటూ.

“నేనూ అదే అనుకున్నా,” అంది షరోల్త చేతుల వెనక నుంచి.

ఎవరో కిసుక్కున నవ్వారు. దాంతో ఆనకట్ట తెగింది. ఇరవై ఎనిమిది మందీ పడీపడీ నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది మాస్టారు. “ముగ్గురు కాదురా, నలుగురు దొంగలం. వందలోపువి చూసి, పరీక్ష పెట్టి, ఇంటికెళ్లి పడుకున్నది నేను. ఇది మనందరినీ పట్టుకుంది.” ఆయన సుద్దముక్కతో బల్లని టకటకా కొట్టారు. “ఇదేంటో తెలుసా? వేషగాడు. ప్రధాన సంఖ్య వేషం వేసుకుని పరీక్షలో కూర్చుంటుంది. 2తో అడిగినా, 3తో అడిగినా, తన ముక్కల జోలికి పోనంతవరకూ దేనితో అడిగినా సరైన జవాబే చెప్తుంది. పట్టుకోవాలంటే చేత్తో భాగించడం తప్ప దారి లేదు. పది కోట్ల లోపు ప్రధాన సంఖ్యలు యాభై ఏడు లక్షల పైచిలుకు. వీధికి పది. ఇలాంటి వేషగాళ్లు మూడు వందలు కూడా ఉండరు. పుస్తకంలో చదివాను గానీ, నా జన్మలో ఒక్కటీ చేతికి చిక్కలేదు. మీరు దాన్ని చొక్కాకి కుట్టించుకున్నారు.”

ఆ తర్వాత గదిని అదుపు చెయ్యడం ఎవరి తరమూ కాలేదు. తెల్లగౌన్లు సుద్దపొడిలో పొర్లాయి. 420తో పోతుందా? 1,33,458. పోయింది. 630తో? 88,972. అదీ పోయింది. 210 అంటే ఏంటి, 2, 3, 5, 7 గుణిస్తే వచ్చేది. మొదటి నాలుగు ప్రధాన సంఖ్యలు పునాదిలో కూర్చుని ఉన్నాయి. ఎవరో 28 కూడా మామూలుది కాదని గుర్తుచేశారు, తన భాజకాలు 1, 2, 4, 7, 14 కూడితే మళ్లీ తనే వస్తుంది. ఎనికో బల్ల ముందే నించుని ఉంది. అందరూ ఆమె చుట్టూ అరుస్తున్నారు. అందులో ఒక్క అరుపూ తన మీద కాదని ఆమెకి కాసేపటికి గానీ తెలియలేదు.

ఐదుంపావుకి తలుపు దబాలున తెరుచుకుంది. బాలింట్, టోపీ లేకుండా, రొప్పుతూ. “631,” అన్నాడు. “631తో పోయింది. పులుసు.” అప్పుడు వాడి చూపు నల్లబల్ల మీద పడింది. మూడు సంఖ్యలూ అక్కడున్నాయి, అక్క చేతిరాతతో. వాడి ముఖం చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. ఎనిమిది వందల పైచిలుకు భాగహారాల ఆవల, నది దాకా వచ్చి పడవ తప్పిపోయినవాడిలా నించున్నాడు.

“ముందే వెనక్కి తీసుకున్నారన్నమాట,” అన్నాడు. “నియమం ప్రకారం పులుసు లేదు. 211 ఎవరు వదిలేశారు?”

“నేను,” అంది ఎనికో. “చెయ్యకుండా చేశానని సంతకం పెట్టాను.”

బాలింట్ ఆమె వైపు తిరిగాడు. “మిమ్మల్ని నమ్మి నేను పైనుంచి మొదలెట్టాను,” అన్నాడు. వెక్కిరించలేదు. వెక్కిరిస్తే బాగుండేదని ఎనికోకి అనిపించింది. ఆ సాయంత్రం పడ్డ మాటలన్నిట్లో ఆమెకి తగిలింది అదొక్కటే.

“పులుసు పెడతాం,” అంది. “నియమం సంగతి వదిలెయ్. రేపు మధ్యాహ్నం, మీ తరగతి మొత్తానికి. నేను వండుతాను.”

“నేను కూడా,” అన్నాడు తిహమేర్. షరోల్త తలూపింది. మాస్టారు ఉల్లిపాయలు తనవే అన్నారు.

అప్పుడే అమ్మమ్మ రిబ్బన్ల బుట్టతో వచ్చింది. సంగతి విని, బుట్ట బల్ల మీద పెట్టి, ఒక్క మాట అడిగింది. “విప్పాలా?”

అందరూ మాస్టారి వైపు చూశారు. ప్రధాన సంఖ్యే ఉండాలన్న నియమం పద్దెనిమిదేళ్ల కింద పెట్టింది ఆయనే. “నేను పెట్టిన నియమం, నేనే సడలిస్తున్నాను,” అన్నారు. “అయితే దాన్ని ప్రధాన సంఖ్య అని మాత్రం ఎవరూ అనకూడదు. అడిగినవాళ్లకి ఇదేంటో, ఎలా దొరికిందో, మొత్తం చెప్పాలి.”

ఆరింటికి రిబ్బన్లు గుచ్చారు. వాల్ట్జ్‌లో ఎనికో రెండుసార్లు తిహమేర్ కాలు తొక్కింది. వాడు కిక్కురుమనలేదు.

మర్నాడు బడి ఆవరణలో గాలి కోసేస్తోంది. ఇనప బానలో పులుసు ఎర్రగా ఉడుకుతోంది. మాస్టారు ఉల్లిపాయలు తరుగుతూ కళ్లనీళ్లు కారుస్తున్నారు. కింది తరగతివాళ్లు గిన్నెలు పట్టుకుని చుట్టూ నించుని, ఉప్పు చాల్లేదు, కారం చాల్లేదు అని వంకలు పెడుతున్నారు. బాలింట్ గిన్నె నింపుకోవడానికి వచ్చేసరికి, ఎనికో బాన పక్కన పీట మీద కూర్చుని మోకాలి మీద కాగితం పెట్టుకుని ఏదో రాస్తోంది.

“ఏం చేస్తున్నావ్?”

“223తో భాగిస్తున్నా.”

“నీకేమైనా పిచ్చా? మూడు ముక్కలూ దొరికాయి. ఇంక ఏ ప్రధాన సంఖ్యతోనూ పోదు. నా గిన్నెకి కూడా తెలుసు ఆ సంగతి.”

“నాకూ తెలుసు. కానీ ముప్పై నాలుగు చేశానని సంతకం పెట్టాను. పదమూడే అయ్యాయి.”

బాలింట్ గిన్నె కింద పెట్టి, జేబులోంచి తన పెన్సిలు తీసి, మొన చూసుకుని ఆమెకిచ్చాడు. ఆమె చేతిలోది అరిగిపోయి ఉంది. చేపలు కోస్తున్న తిహమేర్ ఇదంతా విన్నాడు. చేతులు కడుక్కుని వచ్చి, ఇంకో కాగితం ఉందా అని అడిగాడు. షరోల్త కూడా వచ్చి పక్కన కూర్చుంది.

“223తో పోలేదు,” అంది ఎనికో. దాని కింద 227 రాసుకుంది.